అయస్కాంతానికి అంటని కొక్కేలు

లోహాలను పరీక్షించే ఉద్యోగంలో చేరబోతున్న మా సిరొంచ ప్రాంతపు యువతీ యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఆ పనిలో ముఖ్యంగా ఏమి చేయవలసి ఉంటుందని అడుగుతారు. అనుమానించవలసి ఉంటుందని చెబుతాను. వారు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది.

మాది ప్రాణహిత ఒడ్డున వరి పండించే కుటుంబం. మా ఇంట్లో కాలేజీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. అటువంటి ఇళ్ళలో ముద్ర వేసిన కాగితానికి ఎంత గౌరవం ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. మా నాయన నా పట్టాను దేవుడి పటం పక్కన గోడకు తగిలించి, చూడవచ్చినవారిని చెప్పులు విడిచి రమ్మనేవాడు. ఆ ఇంటి నుండి వచ్చిన మనిషి, లోహంలో ఏమేమి కలిసి ఉన్నాయో చెబుతూ కంపెనీ ముద్రతో వచ్చిన పత్రాన్ని చేతిలో పట్టుకొని "ఇందులో రాసినది నిజమేనా?" అని అడగడం అంత సులభం కాదు. అమర్యాద చేస్తున్నట్టు ఉంటుంది. నాకు ఇన్నేళ్ళు జీతం వచ్చింది ఆ అమర్యాద చేసినందుకే.

నా మొదటి అధికారి ఒక విద్యుత్ కేంద్రంలో బాయిలరు గొట్టాలు చూసేవారు. పగిలిన గొట్టం ముక్కను నా చేతిలో పెట్టి, దాని పత్రాన్ని మాత్రం తన సొరుగులో దాచుకొని, "ఇదేమిటో చెప్పు" అనేవారు. పత్రం ఇవ్వండి అని అడిగితే, "అది చదివావంటే ముక్కను చూడటం మానేస్తావు" అనేవారు. మనిషి కఠినుడు, శిష్యులను పదిమందిలో అవమానించేవాడు, ఆ పద్ధతిని నేను సమర్థించను. కానీ ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పినది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

ఎర్రటి వేడిలో లోహం

చదువులో మీరు సూత్రాలు నేర్చుకుంటారు. వాటికంటే ముందు మీ వంటింటి పొయ్యి మీది ఇనుప ముక్కాలిని చూడండి. కొన్నేళ్ళు కట్టెల మంట తిన్న తరువాత దాని కాళ్ళు పొరలు పొరలుగా రాలుతాయి. ఎర్రగా కాలిన ఇనుమును గాలి తింటుంది. తిన్నచోట ఏర్పడిన తుప్పు పొర నిలవదు, పెచ్చుగా ఊడిపోతుంది. కింద కొత్త ఇనుము బయటపడుతుంది. గాలి దానినీ తింటుంది.

రెండవ కష్టం బరువు. చల్లగా ఉన్నప్పుడు సునాయాసంగా మోసే బరువునే, ఎర్రటి వేడిలో లోహం సాగుతూ మోస్తుంది. ఒక్కరోజులో కనిపించదు. నెలల తరబడి, వెంట్రుకంత వెంట్రుకంత సాగి, ఒకనాడు తెగిపోతుంది.

ఈ రెండు కష్టాలకూ మందుగా మిశ్రమ లోహాలు పుట్టాయి. క్రోమియం తగినంత కలిపితే లోహం మీద పల్చని, గట్టిగా అతుక్కొని ఉండే పొర ఏర్పడి గాలిని లోపలికి రానివ్వదు. నికెల్ కలిపితే వేడిలో బలం నిలుస్తుంది. ఇందులో నికెల్ ఖరీదైనది. అందువల్ల ఎవరైనా తగ్గించాలనుకుంటే మొదట తగ్గించేది దానినే. దాని స్థానంలో చవకైన మాంగనీసు వేస్తారు. చూపుకు రెండూ ఒకే తెలుపు, ఒకే మెరుపు. గిన్నెలకు, గ్లాసులకు ఆ చవక రకం సరిపోతుంది. భట్టీకి, అంటే ఫ్యాక్టరీ కొలిమికి, సరిపోదు.

బజారు పరీక్ష

నేను చివరగా పనిచేసినది అహేరి దాటిన తరువాత అడవి దారి పక్కన, ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి ఇనుముగా మార్చే ఒక చిన్న ఫ్యాక్టరీలో. అది ఇప్పుడు మూతపడింది. పేరు చెప్పను. అక్కడ భట్టీ నుండి వచ్చే వాయువును మండించడానికి ఇటుకలతో కట్టిన ఒక పెద్ద గది ఉండేది. దాని పైకప్పు ఇటుకలు గోడల మీద ఆనవు. ఒక్కొక్క ఇటుకను పోతపోసిన ఒక్కొక్క లోహపు కొక్కెం పట్టుకొని, పైనున్న ఇనుప దూలాలకు వేలాడదీస్తుంది. కొక్కెం పై కొస చల్లగా ఉంటుంది. కింది కొస ఇటుకలో దిగి నిప్పుకు దగ్గరగా ఉంటుంది. నేను అక్కడ చేరేనాటికే ఆ కప్పు కట్టి, వాడుకలో ఉంది.

ఆ ఫ్యాక్టరీ స్టోరు గుమ్మానికి దారంతో ఒక అయస్కాంతం వేలాడుతుండేది. పాత స్పీకరులో నుండి తీసినది. స్టోరు చూసే పాండురంగ్, వచ్చిన ప్రతి స్టీలు సామానుకూ దానిని ఆనించేవాడు. అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే దొంగ స్టీలు. ఈ పరీక్ష సిరొంచ బజారులో పుట్టింది. స్టీలు బిందెలు అమ్మే దుకాణాలలో గల్లా పక్కనే అయస్కాంతం ఉంటుంది. పెళ్ళి సామాను కొనే ఆడవాళ్ళు దానిని అడిగి తీసుకొని ప్రతి గిన్నెకూ పెట్టి చూస్తారు. ఫ్యాక్టరీకి సరుకు ఇచ్చే శంకర్ సేఠ్ కుటుంబం మొదట అటువంటి గిన్నెల దుకాణమే నడిపింది. కనుక అమ్మేవారికీ, కొనేవారికీ ఆ అయస్కాంతం మీద ఒకే నమ్మకం.

నేను చేరిన కొత్తలో, ఇది వేడికి నిలిచే లోహాన్ని గుర్తించే పరీక్ష కాదని పాండురంగ్‌కు చెప్పాను. నికెల్ వేసినా, మాంగనీసు వేసినా సాధారణంగా అయస్కాంతానికి అంటదని వివరించాను.

"మా ఇంట్ల బిందెలు ఇర్వై ఏండ్ల సంది జంగు పట్టలే సార్," అన్నాడు పాండురంగ్. "అన్ని గిట్లనే చూసి తెచ్చినవి."

తుప్పు పట్టలేదన్నది నిజమే; అతడు అయస్కాంతాన్ని మళ్ళీ గుమ్మానికి వదిలాడు.

నేల మీద పెచ్చులు

ఒక వానాకాలం భట్టీని ఆపారు. వాయువు గదిలో బూడిద కరిగి గడ్డకట్టి దారి మూసుకుపోతోంది. దానిని సుత్తులతో పగలగొట్టి తీయాలి. ఆ పని మల్లయ్యది. మా సిరొంచ పక్క ఊరివాడు, వేడికి నిలిచే ఇటుకలు కట్టే మేస్త్రీ. అతని వెంట పెర్మిలి నుండి వచ్చిన నలుగురు కూలీలు ఉండేవారు. వాళ్ళు తమలో తాము గోండీలో మాట్లాడుకునేవారు. ఈ ఐదుగురూ ఆ కప్పు కిందికి వెళ్ళి, రోజంతా సుత్తులు వేయాలి. వెళ్ళడానికి ముందు నేను చూసి అనుమతి మీద సంతకం చేయాలి.

గది చల్లారిన తరువాత మనిషి దూరే కంత వద్ద పడుకొని టార్చి వేసి చూశాను. కప్పు తిన్నగా, సమంగా కనిపించింది. నేల మీద మాత్రం, బూడిద పైన, నల్లటి పెచ్చులు పడి ఉన్నాయి. విరిగిన అప్పడం ముక్కల వలె ఉన్నాయి. పొడవాటి కడ్డీతో ఒకదానిని బయటికి లాగి వేళ్ళ మధ్య విరిచాను. లోపల పొర మీద పొర. మా ముక్కాలి కాలి పెచ్చు వంటిదే.

గోడలు, కప్పు ఇటుకలు. నేల ఇటుక. ఆ గదిలో లోహమంటూ ఉంటే ఆ కొక్కేలే. వాటితో వచ్చిన పత్రంలో రాసిన లోహమైతే, అంటే నూటికి ఇరవై ఐదు పాళ్ళు క్రోమియం, పన్నెండు పాళ్ళు నికెల్ ఉన్నదైతే, అంత మందంగా పెచ్చులు రాల్చదు. నేను సంతకం చేయలేదు.

స్టోరులో అదే సరుకుకు చెందిన కొన్ని కొక్కేలు మిగిలి ఉన్నాయి. ఒకదానిని ఆకురాయితో గీకి, నికెల్‌ను పట్టిచ్చే మందు చుక్కలు ఒక సీసా నుండి వేసి దూదితో అద్దాను. నికెల్ నిండుగా ఉంటే దూది ముదురు గులాబీ రంగుకు మారుతుంది. నాకు నమ్మకమున్న ఒక వెల్డింగు కడ్డీ మీద అద్దితే అలాగే మారింది. కొక్కెం మీద అద్దినది మాత్రం, వెలుతురుకు పెట్టి చూస్తే తప్ప రంగు వచ్చిందని చెప్పలేనంత లేతగా ఉంది.

ఇది కచ్చితమైన కొలత కాదు. ఇప్పుడు చేతిలో పట్టుకొని లోహానికి ఆనిస్తే పాళ్ళు చెప్పే యంత్రాలు వచ్చాయి. మా ఫ్యాక్టరీకి అది లేదు. ముక్క కోసి నాగపూర్ ప్రయోగశాలకు బస్సులో పంపాను. వాగులు పొంగి ఆ బస్సు దారిలోనే ఆగిపోయింది.

మేనేజరు గారి గదిలో

మేనేజరు జోషి గారు చెడ్డవారు కాదు. కూలీలకు జబ్బు చేస్తే తన జీపు ఇచ్చి పంపేవారు. కానీ ఆయనకు ప్రతి ప్రశ్నకూ అవునో కాదో కావాలి. "కావచ్చు" అన్న మాటను ఆయన సోమరితనంగా భావించేవారు. మన వృత్తిలో నిజాయితీ గల జవాబు చాలాసార్లు "కావచ్చు" అనే ఉంటుంది. అందువల్ల ఆయన వంటి అధికారులతో మనకు ఘర్షణ తప్పదు.

"కప్పు పడుతుందా, పడదా?" అని హిందీలో అడిగారు.

"తెలియదు. కొక్కేలు చెప్పిన లోహంతో చేసినవి కావని అనుమానం."

పాండురంగ్ కొక్కేన్ని, అయస్కాంతాన్ని వెంట తెచ్చాడు. బల్ల మీద పెట్టి ఆనించి చూపాడు. అయస్కాంతం జారి కింద పడింది.

"చూడుండ్రి సాబ్. జర గూడ అంటుకుంటలేదు. సార్ సీసల మందు పాతదై ఉంటది."

జోషి గారు నా వైపు చూశారు. "కప్పు ఇన్నాళ్ళు మంటలో నిలిచింది. చల్లారాక పడుతుందా?"

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. ఎందుకంటే ఈ మాట మీకూ ఎవరో ఒకరు చెబుతారు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. వేడిలో ఇటుకలు ఉబ్బుతాయి. ఒకదానినొకటి ఒత్తుకొని బిగుసుకుంటాయి. కొక్కెం తెగినా పక్క ఇటుకల ఒత్తిడికి అక్కడే నిలబడతాయి. చల్లారితే కుంచించుకుపోతాయి, పట్టు సడలుతుంది. మంటలో నిలిచిన కప్పు చల్లారిన తరువాతే ప్రమాదకరం. పైగా కింద సుత్తులు పడతాయి.

నేనిది వివరిస్తుండగానే ఆయన, "మీరు సంతకం చేయకపోతే నేను చేస్తాను," అన్నారు. ఆయనకు ఆ అధికారం ఉంది.

మల్లయ్య ప్రశ్న

బయట రేకుల కింద మల్లయ్య, అతని మనుషులు సుత్తులకు పిడులు బిగించుకుంటున్నారు. వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది.

"ఏంది సార్, ఒక్క సంతకానికి ఇంత సేపా? మా ఇంటిదాని అలక గూడ ఇంత సేపు ఉండది," అన్నాడు మల్లయ్య. అతని మనుషులకు తెలుగు కొద్దిగానే వచ్చినా ఆ మాటకు నవ్వారు.

నా అనుమానం ఏమిటో అతనికి చెప్పాను. పెచ్చు చూపాను. నాగపూర్ నుండి జవాబు రాలేదని, నా దగ్గర రుజువు లేదని కూడా చెప్పాను. అతడు పెచ్చును వేళ్ళతో నలిపి చూశాడు.

"పడ్తదో పడదో నీకు ఎర్కలేదు."

"ఎరుక లేదు, మల్లన్నా."

"నువ్వైతే పోతవా లోపలికి?"

"పోను."

అతడు కాసేపు తన మనుషులతో గోండీలో ఏదో మాట్లాడాడు. ఒకడు సుత్తిని గోడకు ఆనించి పెట్టాడు. తక్కినవారూ అదే చేశారు.

"గంతే సార్. ఇగ మేం గూడ పోం. సాబ్‌కు నేనే చెప్త."

మల్లయ్య చేతిలో ఉన్నది ఆ పని ఒక్కటే. కాదంటే జోషి గారు చంద్రపూర్ నుండి మరో మేస్త్రీని పిలిపించగలరు. ఆ సంగతి మల్లయ్యకు నాకంటే బాగా తెలుసు. అయినా వెళ్ళి చెప్పాడు. వేరే మేస్త్రీ వస్తే ఆ కప్పు కిందికి ఇదేమీ తెలియని మనుషులు వెళతారు. అప్పుడు నేను ఎవరిని ఆపగలను? అందువల్ల జోషి గారికి ఒక దారి చూపాను. కప్పు పైభాగంలో, దూలాల మీద, నడవడానికి ఇనుప పలకలు ఉన్నాయి. అక్కడ నిలబడితే బరువు ఇటుకల మీద పడదు. అక్కడినుండి కొక్కేలను గొలుసు యంత్రంతో పైకి లాగి చూద్దాం. కొక్కెం బాగుంటే ఇటుకతో సహా బరువుగా కదులుతుంది. అన్నీ బాగుంటే సంతకం చేస్తానన్నాను.

పైనుండి లాగడం

జోషి గారు ఒప్పుకొని, తానూ పైకి వచ్చారు. మొదటి కొక్కేన్ని ఆయనే ఎంపిక చేశారు. గొలుసు బిగిసింది, యంత్రం మూలిగింది, కొక్కెం ఇటుకతో సహా కొద్దిగా లేచింది. బాగుంది. రెండవదీ ఆయన ఎంచినదే. అదీ బాగుంది.

"ఇప్పుడేమంటారు?" అన్నారు.

ఆ రెండూ గది చివర, పొగ చల్లబడి బయటకు పోయే వైపు ఉన్నవని చెప్పాను. భట్టీ నోటికి ఎదురుగా, మంట నేరుగా తగిలే వరుసను చూడాలన్నాను. పాండురంగ్ గొణిగాడు. "సార్ కప్పు పడేదాక లాగుతనే ఉంటడు."

మల్లయ్య ఆ వరుసకు వెళ్ళి గొలుసు తగిలించాడు. ఒక్కసారి లాగాడు. యంత్రం మూలగలేదు. బావిలో నుండి ఖాళీ చేద వచ్చినట్టు కొక్కెం పైకి వచ్చేసింది. కింది సగం లేదు. మిగిలిన కొస కాలి కాలి పెన్సిలు మొన వలె సన్నబడి ఉంది.

ఇటుక మాత్రం పడలేదు. పక్క ఇటుకల నడుమ ఇరుక్కొని అలాగే ఉంది. అందుకే కింది నుండి టార్చి వేసినప్పుడు కప్పు అంత తిన్నగా కనిపించింది.

మల్లయ్య దాని పక్కదానిని లాగాడు. అదీ అంతే. ఆ తరువాతది. అదీ అంతే. అప్పుడు అతడు గొలుసు వదిలి, ఒక పొడవాటి గడ్డపారతో మొదటి ఇటుకను పైనుండి ఒక్క పోటు పొడిచాడు. ఆ ఇటుక పడింది. దాని వెంట వరుస వరుసంతా, ఒకదాని పట్టు తప్పి మరొకటిగా జారిపోయింది. దుమ్ము పైకి లేచి మాకు ఒకరికొకరం కనిపించలేదు. దుమ్ము తగ్గిన తరువాత ఇటుకలు పడిన ఖాళీ గుండా గది నేల కనిపించింది. మల్లయ్య మనుషులు మంచె కట్టుకొని నిలబడవలసిన చోటు అదే.

జోషి గారు ఆ ఖాళీ అంచు నుండి వెనక్కి జరిగి, "మిగిలినది కూడా దించేయండి," అన్నారు.

శంకర్ సేఠ్ సమాధానం

ఆ తరువాత అందరి కోపం సేఠ్ మీదికి మళ్ళింది. వాగులు తగ్గి దారి తెరుచుకోగానే ఆయనను పిలిపించారు. నాకూ అనుమానం ఆయన మీదనే. ఆయన వచ్చి కూర్చొని, కాలి అరిగిపోయిన కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం సేఠ్, దొంగ మాల్ అంటగడ్తవా?" అన్నాడు పాండురంగ్.

"దొంగ మాలా? ఓ పాండూ, జర గుర్తు చేస్కో. మొదాల నేను తెచ్చిన మాల్ ఎవలు వాపస్ పంపిండ్రు? నువ్వే గద! గీ అయస్కాంతం పెట్టి, 'కొంచెం అంటుకుంటున్నది సేఠ్, ఇందుల ఇనుము కలిసింది, నన్ను పాగల్ అనుకున్నవా' అంటివి. నేను మల్ల పోతపోసేటోని కాడికి పోయి, 'బాబూ, మావోళ్ళకు అంటుకోనిదే కావాలె' అని చెప్పిన. ఆడు అంటుకోనిదే ఇచ్చిండు. మీరు అడిగిందే తెచ్చిన."

క్రోమియం ఎక్కువగా ఉన్న ఆ రకపు పోతలోహం కొన్నిసార్లు అయస్కాంతానికి కొద్దిగా అంటుతుంది. అది దాని స్వభావమే, లోపం కాదు. సరైన సరుకు గుమ్మం దాకా వచ్చి, సరైనది కావడం వల్లనే తిరిగిపోయింది.

"ఆ మొదటి కొక్కేలు ఇప్పుడెక్కడ ఉన్నాయి?" అని అడిగాను.

"ఏడుంటయి, నా గోదాంల పడి ఉన్నయి. ఎవడు కొంటడు సార్? అంటుకుంటయాయె!"

సిరొంచ వెళ్ళి ఆయన గోదాములో, బెల్లం బస్తాల వెనుక ఉన్న ఆ కొక్కేలను ఒక్కొక్కటిగా గీకి, మందు వేసి చూశాను. ప్రతి దూదీ ముదురు గులాబీ రంగుకు మారింది. వాటి ముక్కలను కూడా నాగపూర్ పంపి, జవాబులు వచ్చిన తరువాతే ఒప్పుకున్నాను; ముందు పంపిన ముక్కలో నికెల్ బదులు మాంగనీసే ఉందని కూడా అప్పుడే తేలింది.

సేఠ్ నిర్దోషి అని నేను చెప్పను. రెండవసారి సరుకు అంత సులభంగా ఎట్లా దొరికిందో ఆయన పోతపోసేవాణ్ణి అడగలేదు. అడగకుండా ఉండటం కూడా ఆయన వ్యాపారంలో భాగమే. పోతపోసినవాడు ఏది అడిగితే అది రాసి ముద్ర వేసిన పత్రం ఇచ్చాడు. అయినా ఆ చవక లోహాన్ని కోరి తెప్పించుకున్నది మా గుమ్మం దగ్గరి పరీక్ష. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పదగినది ఇదే: అమ్మేవాణ్ణి అనుమానించడం ఎవరైనా చేస్తారు. అనుమానించవలసిన వాటిలో మీ పరీక్షను కూడా చేర్చండి. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో, మీరు అడుగుతున్నది ఆ ప్రశ్నేనా అని చూసుకోండి.

కొత్త కప్పు కింద

ఆ కొక్కేలతో కొత్త కప్పు వేలాడదీశారు. ఆ పని కూడా దూలాల మీద నిలబడి పైనుండే చేశారు. మిగిలిన బూడిద గడ్డలు పగలగొట్టడానికి ఇక మనుషులు కింద దిగాలి. నేను ప్రతి వరుసనూ లాగించి చూసి సంతకం చేశాను. జోషి గారూ చేశారు.

మల్లయ్య ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంత పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇంటికి వచ్చిన చుట్టానికి దారి ఇచ్చినంత మర్యాదగా చేయి చూపాడు.

"సాబ్, జర ముందు మీరు నడువుండ్రి. ఎన్క సార్ వస్తడు. ఆయెన్క మేం."

జోషి గారు కేకలు వేస్తారని నేననుకున్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, కళ్ళజోడు సర్దుకొని, పాండురంగ్ తల మీది హెల్మెట్ తీసి పెట్టుకొని వంగారు. కంత అంచు తగిలి ఆయన తెల్ల చొక్కా వీపు మీద నల్లటి చార పడింది. ఆయన వెనుక నేను దూరాను.

లోపల ఆయన నిటారుగా నిలబడి తల పైకెత్తారు. నా చేతిలోని టార్చి తీసుకొని మొదటి వరుస మీద వేశారు. తరువాత రెండవ వరుస మీద.

"ఎట్లున్నది సాబ్? రావాల్నా?" అని బయటి నుండి మల్లయ్య కేక వేశాడు.

"ఆగు," అన్నారు జోషి గారు, కప్పు మీది నుండి కళ్ళు తిప్పకుండా. "ఇంకా చూస్తున్నాను."